ఎడమ టైరు ఉర్దూ, కుడి టైరు ఇంగ్లీషు

రెండు టైర్లు బిగించి ఒక ఆడపిల్ల చదువును బురదలో దింపిన ఘనుడు ఈ నగరంలో ఎవరైనా ఉన్నాడా అని అడిగితే, చెయ్యెత్తవలసినవాణ్ణి నేనొక్కణ్ణే. కారు బోల్తా పడలేదు, ఎవరి కాలూ విరగలేదు. నష్టం అంతకంటే పెద్దది. మీరు హాయిగా నవ్వండి. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను, చివరిదాకా నవ్వగలనో లేదో మాత్రం చెప్పలేను.

పోలీసు యాక్షన్ జరిగి నాలుగైదేళ్లయి ఉంటుంది. అప్పుడే ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరాను. ఇంగ్లీషులో వచ్చే వార్తలను తెలుగు చేయడం నా పని. ఈ పనిలో ఒక జబ్బుంది. పొద్దున అణుశక్తి గురించీ, మధ్యాహ్నం గోధుమ పంట గురించీ, సాయంత్రం తిమింగలాల వేట గురించీ రాసినవాడికి ఆ మూడూ తనకు క్షుణ్ణంగా తెలుసన్న నమ్మకం కుదురుతుంది. నాకు వారం రోజుల్లోనే కుదిరింది.

ఒకనాడు ఓ చిన్న వార్త వచ్చింది. మంచు కురిసే దేశాల్లో చలికాలం రాగానే కార్లకు టైర్లు మారుస్తారట. ఆ టైర్లకు లోతైన గాళ్లుంటాయట, మంచునూ బురదనూ గట్టిగా పట్టుకుంటాయట. ‘చలికాలపు టైర్లు’ అని శీర్షిక పెట్టి, ఆ రెండు మాటలూ నేనే కనిపెట్టినట్టు మురిసిపోయాను. ఆ మురిపెం వెళ్లి మా కాక నెత్తిన పడింది.

కాక అంటే మా నాన్న తమ్ముడు. జల్‌పల్లిలో బర్రెల్ని పెట్టుకొని, పాతబస్తీలో ఇంటింటికీ పాలు పోసేవాడు. ఎవరో అమ్ముకున్న ముసలి కారు కొని, వెనక సీటు పీకేసి, పాల క్యాన్లు పెట్టుకున్నాడు. ఆ కారుకు వచ్చిన కష్టం వాతావరణంతోనే. మొఘల్‌పురాలో మా ఇంటి ముందు ఎండకు రోడ్డు కాలుతుంటే, జల్‌పల్లిలో వాన దంచుతుండేది. సగం దారి పెనం, సగం దారి పాయసం.

కాక కూతురు యాదమ్మ. మా ఇంటావంటా మెట్రిక్ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. వేసవిలో లెక్కలు ఒక్కటే తప్పింది. వానకాలంలో మళ్లీ పరీక్ష. అది గట్టెక్కితే టీచర్ ట్రైనింగులో సీటు దొరుకుతుంది. తప్పితే ఇక చదువు చాలు, బర్రెల పని చూసుకోమని మా నాయనమ్మ ముందే చెప్పి పెట్టింది.

పరీక్షకు వారం ముందు కాక మా ఇంటికి వచ్చాడు.

“బిడ్డా, వానలు గిట్ల కొడుతున్నయి. ముందురోజే పిల్లను మీ ఇంట్ల పండబెడత. పొద్దుగాల నడుసుకుంటనే పోతది.”

ఎంత సులువైన మాట! మా ఇంటి నుంచి పరీక్ష జరిగే బడి పది నిమిషాల నడక. నేను ‘సరే కాకా’ అని ఊరుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

“ఏం ఫికర్ జెయ్యకు కాకా. నీ కారుకు చలికాలపు టైర్లు ఏపిస్త.”

“చలికాలపువా? ఇది వానకాలం గదరా?”

“మంచు మీదనే ఆగే టైర్లకు మన బురద ఓ లెక్కనా?”

కాక నా మొహంలోకి చూశాడు. పేపరులో పనిచేసే కొడుకు. నమ్మాడు.

మా గల్లీ మలుపులో కరీం భాయ్ టైర్ల దుకాణం. ముప్ఫై ఏళ్లుగా ఆయన చేతులు నల్లగానే ఉన్నాయి. చలికాలాన్ని ఉర్దూలోకి మార్చి దర్జాగా అడిగాను.

“కరీం భాయ్, సర్దీ కే టైర్ హై క్యా?”

“సర్దీ?” ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. “టైర్ కో జుకామ్ హువా క్యా మియాఁ? జలుబు మందు దవాఖానల దొరుకుతది.”

కాక నవ్వు ఆపుకొన్నాడు. నేను చేతులు తిప్పుతూ మంచు గురించి, లోతు గాళ్ల గురించి ఉపన్యాసమిచ్చాను. కరీం భాయ్ అంతా విని, మిలిటరీ వేలంలో తెచ్చిన రెండు టైర్లు లోపలి నుంచి దొర్లించుకొచ్చాడు. వాటి గాళ్లలో నాలుగు వేళ్లు దూరతాయి. మొసలి వీపులా ఉన్నాయి.

“ఎనక చక్రాలకు ఇవి ఎయ్యుండ్రి, సాలు. బురదను ఎనకకు ఇసిరేస్తయి. గని బాణం జూసి బిగియ్యాలె.”

టైరు పక్కన ఒక బాణం గుర్తు, దాని కింద ఇంగ్లీషులో ‘రొటేషన్’ అని అచ్చు ఉంది. కరీం భాయ్ ఒక టైరును బాణం కుడికి చూసేలా, ఇంకో టైరును బాణం ఎడమకు చూసేలా గోడకు నిలబెట్టాడు. ఇంగ్లీషు ముక్క కనబడగానే నాలోని సబ్ ఎడిటర్ లేచాడు.

“ఆగు ఆగు. గిదేంది, ఒకటి ఇటు, ఒకటి అటు?”

“బండి ముక్కు దిక్కు బాణం జూడాలె మియాఁ. కుడి దిక్కు నిలవడి జూస్తె ముక్కు కుడికుంటది. ఎడమ దిక్కు నిలవడితె ఎడమకు. సీదీ బాత్. దాయాఁ చక్కా అంగ్రేజీ పఢ్తా, బాయాఁ చక్కా ఉర్దూ పఢ్తా. కుడి చక్రం ఇంగ్లీషు లెక్క కుడికి సదువుతది, ఎడమ చక్రం ఉర్దూ లెక్క ఎడమకు.”

నేను పకపకా నవ్వాను. “టైర్ ఇంగ్లండుల పుట్టింది కరీం భాయ్. దానికి ఉర్దూ ఎట్లొస్తది? అచ్చు ఎట్ల సదువుతమో బాణం గట్లనే ఉండాలె. రెండు దిక్కుల కుడికే.”

“పేపర్ వాలే ఆప్, టైర్ వాలా మైఁ. నా మాట ఇనుండ్రి.”

“కరీం భాయ్ చెప్తుండు గదరా...” అని కాక నసిగాడు.

“నీకు ఇంగ్లీషు వస్తదా కాకా?”

ఆ ఒక్క మాటతో కాక జేబులోంచి డబ్బు తీశాడు. కరీం భాయ్ నేను చెప్పినట్టే బిగించాడు. దాన్ని ఒప్పుకోలు అనుకున్నాను.

పరీక్ష ముందురోజు సాయంత్రం నా ఘనకార్యం కళ్లారా చూసుకుందామని నేనే జల్‌పల్లికి వెళ్లి పడుకున్నాను. పిల్ల మా ఇంటికి రావలసిన రోజున నేను పిల్ల ఇంటికి పోయాను. చూశారా, అన్నీ తిరగేసి బిగించడం అప్పటికే అలవాటైంది.

తెల్లవారేసరికి కుండపోత. తొమ్మిదింటికి పరీక్ష. ఏడింటికే బయలుదేరాం. కాక స్టీరింగు దగ్గర, పక్కన యాదమ్మ, వెనక క్యాన్ల మధ్య నేను. చెరువు కట్ట మలుపు దగ్గర కుడి చక్రం బురదను చక్కగా వెనక్కి విసిరింది. ఎడమ చక్రం దాన్ని ఒళ్లో పోసుకోవడం మొదలుపెట్టింది. గాళ్లన్నీ నిండి, గుండ్రటి మట్టి ముద్దయి, ఉన్నచోటే గిరగిరా తిరిగింది. కారు ఒక్క ఊపులో గిరుక్కున మళ్లి, ముక్కు జల్‌పల్లి వైపు పెట్టి గుంటలో కూర్చుంది.

“ఏందిరా, నీ టైర్లు ఇంటికి పోదమంటున్నయి?” అన్నాడు కాక.

తోశాం. రాళ్లు పెట్టాం. గోనెసంచులు వేశాం. నేను నఖశిఖ పర్యంతం బురద విగ్రహాన్నయ్యాను. చివరికి యాదమ్మ చెప్పులు చేతిలో పట్టుకొని, “అన్నా, నడుద్దాం పా” అంది. కాకను కారు దగ్గరే వదిలి ఇద్దరం నడిచాం, పరుగెత్తాం, పక్కా రోడ్డు మీద రిక్షా ఎక్కాం. బడి ముందు దిగేసరికి తొమ్మిదీ నలభై. అరగంట దాటితే లోపలికి రానివ్వరు.

“నేను పేపరోణ్ణి” అన్నాను గేటు దగ్గర చప్రాసీతో, మట్టి కారుతూ.

“అయితె రేపటి పేపర్ల రాయుండ్రి సాబ్, టైముకు గేటు మూసిన్రని.”

యాదమ్మ ఏడవలేదు. గేటు ఊచలు పట్టుకొని, లోపల తల వంచుకొని రాస్తున్న పిల్లలను చాలాసేపు చూసింది. చీర అంచు నుంచి నీళ్లు చుక్కలుగా పడుతున్నాయి. నాకు ఇంగ్లీషు, తెలుగు, ఉర్దూ మూడు భాషలు వచ్చు. మూడింట్లోనూ చప్రాసీని బతిమాలాను, గేటు తెరుచుకోలేదు.

మర్నాడు గుంటలోంచి లాగించి తెచ్చిన కారుకు కరీం భాయ్ ఎడమ టైరు విప్పి తిరగేసి బిగించాడు. నన్ను తిడతాడేమోనని ఎదురుచూశాను. “పఢ్‌నే దేవ్ ఇస్కో అపనీ జబాన్” అని మాత్రం అన్నాడు, దాని భాష దాన్ని చదువుకోనివ్వమని. అప్పటి నుంచి ఆ కారు ఏ బురదలోనూ ఆగలేదు.

సాయంత్రం యాదమ్మ స్నేహితురాలెవరో ఆ ప్రశ్నపత్రం తెచ్చి ఇచ్చింది. యాదమ్మ చదివి నాకు చూపించింది.

“మొదటి లెక్క జూసినవా అన్నా? చక్రం వెయ్యిసార్లు తిరిగితే బండి ఎంత దూరం పోతదని. జవాబు నాకు వస్తది.”

“ఎంత?”

“నువ్వు బిగిపిచ్చిన చక్రమైతే ఉన్నకాడనే ఉంటది.”

అని నవ్వింది. నవ్వుతూనే మొహం అటు తిప్పుకుంది.

నాయనమ్మను బతిమాలి ఇంకో అవకాశం ఇప్పించడానికి నేను ఎన్ని సాష్టాంగాలు పెట్టానో నా మోకాళ్లకే తెలుసు. మరుసటి వేసవిలో యాదమ్మ లెక్కలు గట్టెక్కింది, తర్వాత పంతులమ్మ కూడా అయింది. కానీ తన ఈడు పిల్లలంతా ట్రైనింగులో ఉన్న ఆ సంవత్సరమంతా ఆమె బర్రెలకు కుడితి కలిపింది. మా పత్రికలో ఏ తప్పు పడినా మర్నాడు ఓ మూల ‘సవరణ’ వేసేవాళ్లం. దీనికి ఏ మూల వెయ్యను?

కాబట్టి పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. టైరు భాషలో ఇక వేలు పెట్టను. బాణం గుర్తు కనబడితే కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాను. ఎండా వానా కలిసిన ఈ రోజుల్లో ఏ టైర్లు మంచివని ఎవరైనా నన్ను అడిగితే, నా సలహా ఒక్కటే: పిల్లను ముందురోజే మా ఇంటికి పంపండి.