గినియా డోలుకు మారిన తోలు

మొన్న శుక్రవారం, మేం పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలో, మిర్కాబ్ బజారు ఫోన్ల అంగడి టీవీలో, ఏదో విదేశీ వేదిక మీద ఆఫ్రికా వాళ్ళ జెంబే డోళ్ళు వరసగా మోగుతుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు గాని, నాకెందుకో ఆ సంబరం నమ్మబుద్ధి కాలేదు. అనుమానం పెనుభూతమని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. ఈ వయసులో ఇక మారను.

షువైఖ్ గోదాముల్లో బండి తోలే కొత్తలో, మీలో చాలామంది లాగే బ్నీద్ అల్ గార్ ఇరుకు గదిలో సర్దుకుని పడుకునే రోజుల్లో, నాతో సరుకు దించే గినియా నేస్తం దగ్గర అలాంటి డోలు ఉండేది. వాడి పెళ్ళికి వాళ్ళమ్మ పెంచిన మేకను కోసి, ఆ తోలే దానికి బిగించారట. ఉక్కపోతకు అది మెత్తబడితే, కడపలో పలక డప్పు కాచి కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక, మిద్దె మీద డబ్బాలో అట్టముక్కలు మండించి నేనే కాచేవాణ్ణి. అలా కుదిరింది మా స్నేహం.

ఇంతలో వాడికి ఊళ్ళో కొడుకు పుట్టాడు. వాళ్ళింటి ఆచారం ప్రకారం తండ్రి డోలు కొట్టాలి, ఆ మోతను ఇంటివాళ్ళు గుర్తుపట్టాకే బిడ్డ పేరు పలకాలి. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ సెలవివ్వలేదు కాబట్టి ఫోన్‌లోనే వినిపిస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే హోటళ్ళలో కచేరీలు పెట్టించే పెద్దమనిషి ఒకడు వచ్చి, వాయించడానికి తన మనిషి ఉన్నాడని, పెద్ద స్టేజీకి డోలు ఒక్కటి ఇస్తే చాలని తియ్యగా మాట్లాడాడు. పక్కనే ఉన్న మా బావ నా చెవిలో, "వాని మాట నమ్మొద్దు బావా. తీస్కపోతే మల్లా ఇచ్చాడనుకుంటాండావా?" అన్నాడు. నాకూ అదే గుబులు. నేస్తం మాత్రం తన ఊరి డోలు అంత వేదిక ఎక్కుతుందని మురిసిపోయి ఇచ్చేశాడు.

పేరు పెట్టే రోజు పొద్దున్నే ఆ కచేరీల పెద్దమనిషి డోలు తెచ్చాడు. నా అనుమానానికి నేనే లెంపలేసుకుని, కాచడానికి అట్టలు పోగేస్తుంటే, ఆ పని ఇక ఖలాస్ అని నవ్వి, పాత తోలు పారేయించి ప్లాస్టిక్‌ది బిగించామని, బహుమానం అనుకోమని చెప్పి వెళ్ళిపోయాడు. దొంగతనమైతే కేసన్నా పెట్టేవాళ్ళం, మేలు చేసినవాణ్ణి ఏమంటాం?

నేస్తం ఊరికి ఫోన్ కలిపాడు. ఫోన్ పక్కన పెట్టుకుని వాయించాడు. ఖంగుమంటూ ఏ వంకా లేని మోత. అవతల నుంచి వాళ్ళమ్మ ఏదో అనేసరికి వాడి చేతులు ఆగిపోయాయి. ఏమందని సైగ చేస్తే, ఇది ఎవరి డోలు నాయనా అని అడుగుతోందన్నాడు. చివరికి పక్కింటాయన డోలు కొట్టించి బిడ్డకు పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆ రకం డోలు దేశదేశాల వేదికలెక్కింది, సంతోషమే. కానీ ఎక్కడ విన్నా ఒకటే మోత. ఇన్నేళ్ళలో అది ఎవరి డోలని ఒక్కరూ అడగగా నేను వినలేదు.