పాట మింగేసిన మాట

డ్రైవరు పరదేశి కారు ఎక్కినవాళ్ళకి ముందుగా పలికేది పాట. అతను తాళం తిప్పి బెల్టు పెట్టుకునేలోపే జేబులోని ఫోను, ముందున్న స్టీరియో బ్లూటూత్‌లో ఒకదాన్నొకటి పట్టేసుకునేవి. ఎవరూ ఏమీ నొక్కకుండానే, ఇంతకుముందు ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి పాట అందుకునేది.

"నీ బండికి పూనకం వచ్చీసిందిరా పరదేశీ!" అనేవాడు దాసు. చోడవరం బస్టాండు పక్కన కార్ల స్టాండులో దాసు కారు ఎప్పుడూ పరదేశి కారు వెనకే ఉండేది. ఆ మాటకి అందరితో పాటు పరదేశీ నవ్వేవాడు. నిజం చెప్పాలంటే, అతనికది గొప్పగానే ఉండేది.

అంతకుముందు చాలా ఏళ్ళు గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు ట్రాక్టరు తోలాడు. ట్రాక్టరు మీద కూర్చున్నవాడికి ఇంజను రొద తప్ప లోకంలో ఇంకే చప్పుడూ ఉండదు. ఫ్యాక్టరీ ముందు బళ్ళు బారులు తీరి ఆగిపోయినప్పుడు, ఎవడిదో చిన్న రేడియో చుట్టూ అందరూ చేరి చెవులు పెట్టేవారు. అలాంటివాడు సొంతానికి ఒక పాత కారు కొనుక్కున్నాక, అందులో మొట్టమొదట పెట్టించింది ఆ స్టీరియోనే. "సీట్లు సిరిగిపోయి ఊడలాడతంటే పాటలొకటి నీకు" అని భార్య కనకమహాలక్ష్మి విసుక్కుంది. సీట్లకి కవర్లు తర్వాత వచ్చాయి.

కూతురు గౌతమి డిగ్రీ చదువుతోంది. ఒకరోజు కాలేజీ దగ్గర కారెక్కగానే పాట అదిరిపోతే చెవులు మూసుకుంది.

"నాన్నా, ఇది సెట్టింగ్సులో ఉంటాది. ఫోనియ్యి, తీసేస్తాను. పెద్దోళ్ళూ ఒంట్లో బాగోనోళ్ళూ ఎక్కుతారు కదా, ఇలాగుంటే బాగోదు."

"ఉండనీయే. బండెక్కీసరికి సందడిగా ఉంటాది."

తర్వాత కూడా ఆ పిల్ల ఒకటి రెండుసార్లు అడిగింది. అతను రేపు చూద్దామన్నాడు. రేపు చూడలేదు.

ఆసుపత్రి కిరాయిలు పరదేశికి ఎక్కువగా వచ్చేవి. నెమ్మదిగా తోలతాడని, రోగిని చెయ్యి పట్టి దింపుతాడని పేరు. వడ్డాది ఊళ్ళో ఉండే జగ్గయ్య అలాగే పరిచయమయ్యాడు. జగ్గయ్య బెల్లం వండేవాడు. పొయ్యి దగ్గర నిలబడి కేకేస్తే నాలుగు మళ్ళ అవతల చెరుకు నరికేవాళ్ళకి వినిపించేదట. గొంతులో పుండు లేచి ఆపరేషన్ చేశాక ఆ గొంతు పోయింది. మాట్లాడితే గాలి తప్ప శబ్దం రాదు. చెవి ఆయన నోటికి ఆనించి వింటే గాని అర్థం కాదు. అలా వినిపించుకోవడం ఆయనకి నామోషీ. అందుకే చాలావరకు మాటలే మానేశాడు.

కూతురు రూపాదేవి గాజువాకలో కాపురం. భర్తకి అక్కడ ఫ్యాక్టరీలో ఉద్యోగం. తండ్రిని విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన ప్రతిసారీ ముందురోజే వడ్డాది వచ్చి, పరదేశికి ఫోన్ చేసేది. వెనక్కి వాలితే దగ్గు వస్తుందని జగ్గయ్య ముందు సీట్లో కూర్చునేవాడు. ఆమె వెనక. ఆ కిరాయి ఉన్నప్పుడు పరదేశి కారెక్కకముందే ఫోన్లో పాట ఆపి, స్టీరియో గొంతు బాగా తగ్గించి పెట్టుకునేవాడు. అంటే, ఎప్పుడు ఎలా ఉండాలో తెలియనివాడేం కాదు.

ఆ రోజు మర్చిపోయాడు.

ముందురోజు పెళ్ళి కిరాయి. పెళ్ళికొడుకు స్నేహితులు స్టీరియోని ఎంతవరకు పెంచగలరో అంతా పెంచారు. పొద్దున్న బయల్దేరేటప్పుడు ఫోన్లో ఛార్జింగ్ లేక అది ఆగిపోయి ఉంది కాబట్టి వెళ్ళేటప్పుడు కారు నోరెత్తలేదు. ఆసుపత్రిలో వాళ్ళకోసం కూర్చున్నంతసేపూ ఫోను ఛార్జింగ్ పెట్టుకున్నాడు గాని ఆన్ చెయ్యలేదు. తిరుగు ప్రయాణంలో సబ్బవరం దాటాక, కొబ్బరిబొండాల బండి కనబడితే రూపాదేవి ఆపమంది. గ్లాసులో నీళ్ళు పోయించి తెచ్చి తండ్రి చేత కొద్దికొద్దిగా తాగించింది. గ్లాసు తిరిగి ఇవ్వడానికి ఆమె బండి దగ్గరికి వెళ్ళింది. కారు ఆపాక పరదేశి ఫోను ఆన్ చేశాడో లేదో, అవతల చోడవరంలో ఇంకో కిరాయివాళ్ళు అనకాపల్లి స్టేషనుకి వెళ్ళాలని ఫోన్ల మీద ఫోన్లు. పరదేశి తాళం తిప్పాడు.

సరిగ్గా అప్పుడే జగ్గయ్య అతని మణికట్టు పట్టుకున్నాడు. పరదేశి అటు వంగాడు.

"రూపకి సెప్పు బాబూ..."

అంతవరకే వినిపించింది. తలుపులు అదిరేలా డప్పులు మొదలయ్యాయి. పరదేశి ఖాళీగా ఉన్న చేత్తో స్టీరియో మీద కొట్టాడు. అప్పుడే వెలిగిన తెర మీద కంపెనీ పేరు తప్ప ఏమీ లేదు, ఎక్కడ నొక్కినా పలకలేదు. తాళం వెనక్కి తిప్పేస్తే సరిపోయేదన్న సంగతి ఆ క్షణంలో బుర్రకి తట్టలేదు. జగ్గయ్య మాత్రం ఆగలేదు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. చెప్పదలచుకున్నది చివరిదాకా చెప్పేశాడు. తెర పలికి, పాట ఆగేసరికి ఆయన మాటా అయిపోయింది.

ఆయన పరదేశి కళ్ళలోకి చూశాడు. సరేనా, అన్నట్టు.

పరదేశి తలూపాడు.

ఎందుకూపాడో ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి అంతుచిక్కలేదు. గొంతు లేని మనిషిని మళ్ళీ చెప్పమనడానికి మొహమాటపడ్డాడా? పాట మోగినందుకు సిగ్గుపడ్డాడా? తొందరా? ఏదైనా, ఊపాడు. జగ్గయ్య అతని చెయ్యి వదిలి, బరువు దింపుకున్నవాడిలా సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. రూపాదేవి వచ్చి వెనక కూర్చుంది.

"ఏటన్నియ్యా, అంత సౌండు?"

"బ్లూటూతమ్మా. దానంతటదే వచ్చీసింది."

వడ్డాదిలో జగ్గయ్యని నడిపించి వరండాలో మంచం మీద కూర్చోబెట్టాడు. రూపాదేవి తాళాలు తీసి లోపలికి వెళ్ళింది. ఇద్దరే ఉన్నారు. పెద్దయ్యా, ఇందాక ఏటన్నావో వినపడలేదు అని అడగడానికి అంతకన్నా మంచి వేళ ఉండదు. జేబులో ఫోను మోగింది. అనకాపల్లి స్టేషనువాళ్ళు. వచ్చేవారం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేదుంది కదా, అప్పుడు అడుగుదామనుకున్నాడు.

మర్నాడు స్టాండులో కారు తుడుచుకుంటుంటే దాసు వచ్చి చెప్పాడు. "వడ్డాది జగ్గయ్య పోయేడంటరా. తెల్లారగట్ల నిద్దట్లోనే పోయేడంట."

పరదేశి చేతిలోని గుడ్డ బకెట్లో వేసి, అలాగే నిలబడిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే ఫోను గౌతమి చేతిలో పెట్టాడు. ఇద్దరూ వీధిలో ఆగున్న కార్లో కూర్చున్నారు. ఆ పిల్ల ముందు పాటల యాప్ తెరిచి, కారు తగలగానే వాయించమన్న గుర్తుని తీసేసింది. తాళం తిప్పి చూశారు. పాట వచ్చింది.

"ఇది యాప్ ఒక్కటే కాదు నాన్నా. స్టీరియోయే వాయించమని అడుగుతంది," అని బ్లూటూత్ పట్టికలో కారు పేరు పక్కనున్న చిన్న చక్రాన్ని నొక్కింది. ఫోన్ కాల్స్‌కి ఒక మీట, పాటలకి ఒక మీట. పాటలది ఆపేసి, కాల్స్‌ది ఉంచింది. మళ్ళీ తాళం తిప్పారు. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇంతేనా?"

"ఇంతే నాన్నా."

అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు దిగలేదు. టీ చల్లారేలోపు అయిపోయే పనిని తను ఇన్నాళ్ళూ ముచ్చటపడి అట్టేపెట్టుకున్నాడు. ఏమైందని కూతురు గుచ్చి గుచ్చి అడిగితే, భార్య కూడా వింటుండగా జరిగింది చెప్పాడు.

కనకమహాలక్ష్మి, "ఆ కూతురు గుంటకి సెప్పకు," అంది. "సగం మాట అట్టుకెళ్ళి ఏటిస్తావు? బతికున్నంతకాలం మిగతా సగం కోసం ఏడుస్తాది."

ఆ మాట నిజమే అనిపించింది. కాని జగ్గయ్య తనకి అప్పగించింది తన దగ్గర పెట్టుకోమని కాదు. పోనీ చెప్పేద్దామంటే ఏం చెప్పాలి? పెద్దకర్మ రోజు వడ్డాది వెళ్ళాడు. రూపాదేవి వచ్చినవాళ్ళకి వడ్డిస్తూ, అతన్ని చూసి, "నాన్నని ఎంత జాగర్తగా తీసుకెళ్ళేవాడో ఈ అన్నియ్య" అని పక్కావిడకి చెప్పింది. పరదేశి తినకుండానే ఆకు మడిచి లేచి వచ్చేశాడు.

కొన్నాళ్ళకి ఆమే ఫోన్ చేసింది. వడ్డాది ఇంటికి తాళం వేసి, తండ్రి సామాను కొంత తీసుకుని గాజువాక వెళ్ళిపోవాలి, కారు తెమ్మంది. ఒక ట్రంకు పెట్టె, ఆయన కూర్చునే మడత కుర్చీ, బెల్లం కలిపే పొడుగు గరిట. గరిట డిక్కీలో పట్టక ముందు సీటు మీదుగా పెట్టారు. రూపాదేవి వెనక కూర్చుంది.

గోవాడ దగ్గర చెరుకు ట్రాక్టర్లు అడ్డం పడి బళ్ళన్నీ ఆగిపోయాయి. పరదేశి ఇంజను ఆపాడు. ఇక ఉండబట్టలేకపోయాడు. వెనక్కి తిరగకుండానే మొదలుపెట్టాడు.

"అమ్మా, నీకో మాట సెప్పాల. ఆ రోజు నువ్వు గ్లాసివ్వడానికి ఎళ్ళినప్పుడు, పెద్దయ్య నా సెయ్యట్టుకుని, 'రూపకి సెప్పు బాబూ' అన్నాడు. తర్వాత ఏదో సెప్పేడు. పాట వచ్చీసింది. నాకు వినపళ్ళేదు."

అతను అక్కడితో ఆగలేదు.

"ఆ పాట దానంతటదే వచ్చీసి తగువు పెడతందని నాకు ముందే తెల్సమ్మా. మా పాప సెప్పింది. నేనే తీయించలేదు. అదొక్కటే కాదు... సరేనా అన్నట్టు సూసేడు. నేను తలూపేను."

"తలూపేరా?"

"ఊపేనమ్మా."

"వినపడకుండానే?"

"వినపడకుండానే."

ట్రాక్టరువాళ్ళెవరో కిందికి దిగి తిట్టుకుంటున్నారు. రూపాదేవి ముందుకి వంగి అడిగింది. "మరి ఇంటికాడ దింపినప్పుడు అడగలేదేటి? నేను లోపలికెళ్ళేను. మీరిద్దరే ఉన్నారు కదా?"

అతను ఎవరికీ కనబడదనుకున్న చోటే ఆమె వేలు పెట్టింది.

"తొందరలో ఉన్నానమ్మా. ఇంకో కిరాయి ఉంది."

ఆమె ఏడ్చింది. అతను అద్దంలోకి చూడలేదు. దారి తెరుచుకుంది, వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. చాలాదూరం వెళ్ళాక ఆమె అడిగింది, "ఎలాగన్నాడు? మా అమ్మాయికి అన్నాడా? రూపాదేవికి అన్నాడా?"

"రూపకి అన్నాడమ్మా."

"రూప అనే అన్నాడా? బాగా వినపడిందా?"

"ఆ మాట బాగా వినపడింది."

"అలాగ పిలిసేది నాన్నొక్కడే," అంది రూపాదేవి. "ఆపరేషనయ్యేక నేనెప్పుడూ ఆ పిలుపు వినలేదు. సైగ సేసేవాడు." కాసేపటికి మళ్ళీ, తనలో తను అనుకున్నట్టు, "సెప్పీసేననుకునే పోయేడన్నమాట," అంది. అది తనని దెప్పడమో, తనకి తాను ఊరట చెప్పుకోవడమో పరదేశికి తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు.

గాజువాకలో పెట్టె, కుర్చీ, గరిట మేడ మీదికి మోసి దింపాడు. ఆమె మంచినీళ్ళిచ్చింది. మొహం చూడకుండా, "ఇంకేటైనా గుర్తొస్తే ఫోన్ సెయ్యండి," అంది. గుర్తు రావడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

అప్పటినుంచి ఖాళీ కారు తోలుతున్నప్పుడల్లా ఆ సగం మాట అతని పక్కన కూర్చునేది. జగ్గయ్య పెదాలు ఎలా కదిలాయో తలుచుకుని, తన పెదాలు కూడా అలాగే కదిపి చూసుకునేవాడు. పొలం సంగతా? మందుల సంగతా? ఒట్టి దాహం సంగతేనేమో. ఏ మాటా సరిగ్గా అతకలేదు. క్రమంగా ఇంకో ఆలోచన తలెత్తింది. తనే ఒక మాట అతికిస్తే? రూపకి సెప్పు బాబూ, నన్ను బాగా సూసుకుంది అని. తప్పేముంది? ఏ తండ్రైనా అనే మాటేగా. రూపాదేవి మనసు కుదుటపడుతుంది. తన మనసూ కుదుటపడుతుంది.

ఒక మధ్యాహ్నం స్టాండులో కారు నీడకి పెట్టి, అద్దాలెక్కించుకుని, ఆ వాక్యాన్ని లోలోపల చెప్పుకుని ఆమె నంబరు నొక్కాడు. కారంతా రింగు మోగింది. ఒక రింగు, ఇంకో రింగు. తనక్కూడా ఊరట దొరుకుతుందన్న మాట దగ్గర అతనికి ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఒకసారి వినకుండానే విన్నట్టు తలూపాడు. ఇప్పుడు చెయ్యబోతున్నదీ అదే. ఫోన్ పెట్టేశాడు.

వెంటనే ఆమె తిరిగి చేసింది.

"అన్నియ్యా, ఫోన్ సేసేరా? ఏటైనా గుర్తొచ్చిందా?"

ఆ గొంతులో ఆశ వినిపించి పరదేశి కళ్ళు మూసుకున్నాడు.

"లేదమ్మా. ఏటీ గుర్తు రాలేదు. నాకు వినపడింది అంతే."

అవతల ఎక్కడో కుక్కరు కూసింది. ఆమె పెట్టేస్తుందనుకున్నాడు.

"నాన్న మాసికానికి వడ్డాది రావాల," అందామె చివరికి. "మీ స్టాండులో దాసుగారి నంబరు అడుగుదామనుకున్నాను మిమ్మల్ని."

"ఇస్తానమ్మా. మంచోడు. నెమ్మదిగా తోలతాడు."

ఆమె రాసుకోవడానికి కాగితం కోసం వెళ్ళినట్టుంది. మళ్ళీ వచ్చి, "వద్దులెండి," అంది. "మీరే రండి. ఆరింటికల్లా వచ్చీండి, ఎండెక్కకముందే ఎలిపోదాం."

"వస్తానమ్మా," అన్నాడు పరదేశి.