పిసినారక్క పళ్ళెం

ప్రయోగశాలలో అందరూ ఆమెను ‘పిసినారక్క’ అంటారు. గాజు పళ్ళెంలోని మూలకణాలను రక్తకణాలుగా మార్చే మందును ఊపిరి బిగబట్టి, ప్రాణం పోతున్నట్టు చుక్క చుక్కగా వదులుతుంది. మందు ఎక్కువైతే అన్నీ రక్తకణాలైపోయి, తిరిగి తమలాంటివాటిని పుట్టించే మూలకణం ఒక్కటీ మిగలదని ఆమె బెంగ. పక్క బల్ల శాస్త్రవేత్త ఒకసారి ఆ మందు ధారాళంగా పోసి, పళ్ళెం ఎర్రబడిందని అందరికీ చూపించాడు. ఆమె కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తొంగి చూసింది. “అందర్నీ పనిలోకి తోలేశావు తమ్ముడూ, ఇంటిపట్టున ఎవర్నుంచావు?” అంది. నెల తిరక్కుండానే అతని పళ్ళెంలో కణాలన్నీ చచ్చిపోయాయి. ఆమెది మాత్రం రక్తకణాలిస్తూనే ఉంది. అతను తల గోక్కుంటూ వచ్చి, “అక్కా, ఓ చుక్క మూలకణాలు పెడతావా?” అన్నాడు. “చుక్కేం ఖర్మ, సగం పట్టుకెళ్ళు,” అంది పిసినారక్క, నిండుకుటుంబపు తల్లిలా గర్వంగా పళ్ళెం మూత తీస్తూ. “నా ఇల్లు మళ్ళీ నిండుతుందిలే.”