అద్దం తలుపు

మా డిపార్ట్‌మెంట్ సర్వర్ గదిలో కంప్యూటర్లు పెట్టే మనిషెత్తు ఇనుప బీరువా ఒకటి ఉంది. మేం ర్యాక్ అంటాం. దానికి ముందు వైపు అద్దం తలుపే ఉండాలని పట్టుబట్టింది అక్క. నాకంటే ముందు నుంచి ఆ గదిని చూసుకున్న మనిషి. తలుపు తీయకుండానే లోపల పచ్చ లైట్లు కనబడాలనేది. "పిల్లలు పండుకుంటే లేపి చూస్తమా చెల్లె? బయటికెంచే చూసి పోతం, గిది గూడ గంతే" అనేది. నేను నవ్వేదాన్ని.

ప్రతి ఆయుధ పూజకూ ఆ అద్దం మీద ఆమే పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. మిషన్లకు తడి తగులుతుందని నేను గొణిగితే, మరి అద్దం ఉన్నదెందుకని నన్నే అడిగేది. మళ్లీ దసరా దాకా ఆ బొట్ల మీద గుడ్డ పడనిచ్చేది కాదు. చివరిసారి పెట్టినప్పుడు మందుల వల్ల చెయ్యి వణికి ఒక బొట్టు పక్కకు జారింది. సరిచేయబోతే ఉండనీ అంది. ఆ తర్వాతి వేసవిలో క్యాన్సర్ ఆమెను తీసుకుపోయింది.

సాయంత్రాలు క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తా దాకా కలిసి నడిచేవాళ్లం. అక్కడ ఆమె రామంతాపూర్ బస్సెక్కేది, నేను మా గల్లీలోకి తిరిగేదాన్ని. ఇప్పటికీ చౌరస్తాలో నా కాళ్లు కాసేపు ఆగుతాయి.

తర్వాత కొత్త మిషన్లు వచ్చాయి. పాతవాటికంటే బాగా వేడెక్కే రకం. అద్దంలోంచి గాలి పోదు కదా, లోపల ఫ్యాన్లు రొదపెట్టేవి. తలుపు బార్లా తెరిచి పెడితే దుమ్ము, పైగా తాళం ఉండీ లేనట్టే. ముందు వైపు చిల్లుల జాలీ తలుపు కావాలి. వెనక గోడ దగ్గరగా ఉండి ఒంటి తలుపు పూర్తిగా తెరుచుకోదు కాబట్టి అక్కడ రెండు రెక్కల తలుపు కావాలి. ఇదంతా నాకు తెలియక కాదు. కొటేషన్లు రాలేదనీ, కొలతలు తీయాలనీ హెడ్‌గారికి సాకులు చెబుతూ వచ్చాను. అక్క వేలితో పెట్టిన బొట్లు ఆ తలుపు మీద తప్ప ఈ లోకంలో ఇంకెక్కడా లేవు మరి.

ఒక మధ్యాహ్నం వేడికి సర్వర్ దానంతటదే ఆగిపోయింది. వారాలుగా లెక్కలు నడుపుకుంటున్న రీసెర్చ్ అమ్మాయి వచ్చి, చేసిన పనంతా పోయిందని నిలబడి కళ్లు తుడుచుకుంది. ఆ రోజే ఆర్డర్ పెట్టాను.

తలుపులు బిగించడానికి ముషీరాబాద్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పాత తలుపు పారేయొద్దనీ, జాగ్రత్తగా తీసి నా గదిలో పెట్టమనీ చెప్పాను. బొట్ల సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఇనుప బీరువా బొట్టు కోసం ఏడ్చే మనిషిని చూసి ఏమనుకుంటాడు? భోజనానికి ఇంటికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి జాలీ తలుపు బిగించేసి ఉంది. ఫ్యాన్ల రొద తగ్గింది. అద్దం తలుపును నా గదిలో, అంచులు పగలకుండా కింద పేపర్లు మడిచిపెట్టి, గోడకు ఆనించాడు. అద్దం తళతళలాడుతోంది.

"పూజ చేసిన తలుపు గదా మేడం, బొట్లతోని నేల మీద పెడితే కాళ్లు తాకుతయి. పాపం తగులుతది. అందుకే తడిబట్టతోని మంచిగ తుడిచిన. ఆ బట్ట పిండిన నీళ్లు గూడ తొక్కుడు కాకుండ బయట చెట్టు మొదట్ల పోసిన."

నేనైనా అంత భక్తిగా చేసి ఉండేదాన్ని కాదు. మంచి పని చేశారని చెప్పి పంపించాను. కిటికీ తెరిచి, అద్దాన్ని వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూశాను. పక్కకు జారిన బొట్టు మరక కూడా లేదు.

బయట చెట్టు దగ్గరికి వెళ్లాను. ఎండకు మట్టి అప్పటికే ఆరిపోయింది.