తొంభై ఆరు లక్షల పైచిలుకు

చింతపండు డబ్బా మూత తీస్తే ఇప్పటికీ నాకు పులుపు కన్నా ముందు భయం తగులుతుంది.

ఇనుప గనుల ఊరు కిరండూల్‌లో వాన మొదలైతే క్వార్టర్ల వెనక కాలువలు ఇనుపరాయి ఎరుపుతో పారేవి, సంతలోకి ఆకుదొప్పల్లో బోడా పుట్టగొడుగులు, వెదురు పిలకలు వచ్చేవి, మద్దేడ్ నుంచి వచ్చి మాతో ఉంటున్న నానమ్మ వాటిని కడుగుతూ కొండవైపు చెవి ఒగ్గి కూర్చునేది. మధ్యాహ్నం సైరన్, తరవాత పేలుడు, ఆ తరవాత చెంబులో నీళ్ల వణుకు. కొండమీద రాతికి వేసిన రంధ్రాల్లో పేలుడు మందు నింపడం నాన్న పని.

ఆ ఏడు గనిలో గుత్తపని చేయించే ఠేకేదారు ఆయనకు కొండమీదికి వెళ్లే కొత్త పాస్ ఇచ్చాడు. నంబరు 96,99,691. హిందీ బడిలో అప్పుడే ప్రధాన సంఖ్యలు నేర్చుకున్న నేను దాన్ని రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు, పదిహేడు, పంతొమ్మిదితో భాగించి చూశాను. ఎనిమిదిసార్లూ ఒకటి మిగిలింది. ప్రధాన సంఖ్యకు బడిలో చెప్పే హిందీ మాటతోనే, నాన్నది ‘అభాజ్య’ నంబరని గొప్పగా చెప్పాను.

నానమ్మ చేయి ఆగిపోయింది. “ఏందిరా, అభాగ్యపు నంబరా?”

“కాదు నానమ్మా, అభాజ్య. ఒకటి, అది తప్ప ఇంకేదీ దాన్ని భాగించలేదు.”

“గంతే గదరా. తోడు లేనోన్నే గద అభాగ్యుడంటరు.”

ఆ సాయంత్రం ఆమె పాస్‌ను చింతపండు డబ్బాలో అడుగుకు తొయ్యడం నేను చూశాను. పొద్దున నాన్న ఇల్లంతా వెతికాడు. “ఎలుక ఎత్కపోయిందా ఏంది?”

“సదువు రాని ఎలుక పాస్ ఏం జేసుకుంటది కొడకా,” అంది నానమ్మ.

మూడు రోజుల్లో పాస్ చూపించకపోతే పేరు కొట్టేస్తామన్నాడు హాజరు రాసే మున్షీ. చెప్తే నాన్న కొండెక్కుతాడు. చెప్పకపోతే పని పోతుంది. అప్పటికి నానమ్మ మాట నాలోకీ దిగింది. వర్గమూలం దాకా చూడనిదే తేల్చకూడదని మాస్టారు చెప్పింది గుర్తొచ్చి, పొట్లాల కాగితాల మీద మళ్లీ మొదలుపెట్టాను. ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, ముప్పై ఒకటి. మూడు వేలు దాటేదాకా వెళ్లాలి. సైరన్ మోగినప్పుడల్లా, నాన్న ఎదురుగా మంచం మీదే కూర్చుని ఉన్నా, పెన్సిలు జారేది.

మూడో రోజు పొద్దున 347 దగ్గర శేషం సున్నా. భాగఫలం 27,953.

“నానమ్మా, భాజ్యమే!”

ఆమెకు భాగ్యమని వినిపించింది. డబ్బాలోంచి పాస్ తీసి, కొంగుతో తుడిచి, ఏమీ ఎరగనట్టు నాన్న చొక్కా జేబులో పెట్టింది. చొక్కా తొడుక్కుంటుంటే జేబులో అది తగిలి, ఆయన పరుగున వెళ్లి ట్రక్కెక్కాడు. సాయంత్రం ఎర్రదుమ్ముతో తిరిగొచ్చేదాకా నేను అన్నం ముట్టలేదు.

ఇంజనీరింగులో ఉండగా అర్థమైంది: ఆ ఎనిమిది ప్రధాన సంఖ్యలనూ గుణించి ఒకటి కలిపితే వచ్చేది సరిగ్గా ఆ సంఖ్యే. ఒకటి మిగలక ఏం చేస్తుంది?

ఆ వరస క్వార్టర్లు ఇప్పుడు లేవు. నానమ్మ లేదు. నాన్న మాత్రం ఆ మూడు రోజులూ పాస్ ఎక్కడికి పోయిందని అప్పుడప్పుడు అడుగుతాడు. శేషం సున్నా రాకుంటే నేను నోరు విప్పేవాణ్ణి కానని ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.