అమ్మ ఆపని స్విచ్

ఇవాళ మా అమ్మాయి కొత్త వీడియో గేమ్ మొదలుపెడుతూ, దాన్ని ఆడినవాళ్ల అభిప్రాయాలు నాకు చదివి వినిపించింది. "ఊపిరి తీసుకోనివ్వదు, అన్యాయం" అని ఒకరు రాశారు. "ఓడితే తప్పు మనదే, ఆటది కాదు" అని మరొకరు. వెంటనే చిన్నప్పుడు మల్కాజ్‌గిరిలో మేమున్న ఇంటి ముందుగది గుర్తొచ్చింది.

టీవీకి తగిలించే గేమూ, నోటితో ఊది పెట్టే క్యాసెట్టూ మీకూ గుర్తుండే ఉంటాయి. ఆపితే మళ్లీ మొదటి స్టేజీ నుంచే. ఒక ఆదివారం పొద్దున అన్నయ్యా నేనూ మొదటిసారి చివరి స్టేజీకి చేరాం. అంతలో చర్చికి టైమైంది. గేమ్ పాజ్‌లో పెట్టి, టీవీ మాత్రం ఆపి, దాని మీద గుడ్డ కప్పాం. తాళం వేసేముందు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపడం అమ్మ అలవాటు. ఆ రోజు ప్రార్థనలో నేను దేవుణ్ని అడిగింది ఆ ఒక్క స్విచ్ గురించే.

తిరిగొచ్చేసరికి గేమ్ డబ్బా మీది ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. నేను ఆట అందుకున్నాను. నిమిషంలో మిగిలిన ఒక్క లైఫూ పోయింది.

"గిది మోసం ఆట. అంత జల్ది ఎవడు దుంకుతడు?" అన్నాడు అన్నయ్య.

"లేదన్నా, నేనే లేటుగ నొక్కిన."

వంటింట్లోంచి అమ్మ అంది: "ఆట సంగతి నాకు తెల్వదు. ఆ లైటు చూసి రెండుసార్లు స్విచ్ దాకా పోయిన. మీ మొహాలు యాదికొచ్చి వదిలేసిన. పోయిందా? అన్నం ఉడికేదాక మళ్ల షురూ చేయుండ్రి."

ఎవరి అభిప్రాయం సరైందో నాకిప్పటికీ తేలలేదు. ఇందాక అన్నానికి పిలవడానికి వెళ్లి, అమ్మాయి వేళ్ల వేగం చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. అన్నం చల్లారుతోంది. మీరైతే పిలిచేవారా?