లోపల ఒకరు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే రకాన్ని నేను. మా అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీయబోతే, అవి పచ్చడికైనా పనికొస్తాయి, పొయ్యిలో ఎందుకు వేస్తావని వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నావా అని అడిగితే ఏం చెప్పాలో తెలియదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

మాది రాయచూరు. కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. ఏడాదికోసారి బాయిలర్ ఆపి, చల్లార్చి, లోపల బూడిద తీసి రిపేర్లు చేస్తారు. మనుషులు పాకి వెళ్ళేంత చిన్న తలుపు ఒకటే ఉంటుంది. దాని దగ్గర కాపలా కూర్చోవడం నా పని.

పూర్వం లోపలికి వెళ్ళేవాడు తన ఇత్తడి బిళ్ళ బోర్డు మేకుకి తగిలించి, వచ్చేటప్పుడు తీసుకునేవాడు. తర్వాత చేతి మెషీన్లు వచ్చాయి. ఇటుక లాంటి బరువు, ఇనుప మెట్ల మీద పడ్డా పగలదు. కూలీలు దాన్ని డబ్బా అనేవారు. మెడలో కార్డు మీది గీతలకు జానెడు దూరంలో పెట్టి నొక్కితే కీచుమంటుంది. లోపల ఎంతమంది ఉన్నారో, ఎవరెవరో తెర మీద కనబడుతుంది. సున్నా వస్తేనే తలుపు మూయాలి.

ఆ సారి పని ముగిసింది. అందరూ బయటికొచ్చారు. మెషీన్ మాత్రం లోపల ఒకరు అంటోంది. పేరు ఈరన్న.

ఈరన్న యాపలదిన్ని మనిషి, కాంట్రాక్టులో వెల్డరు. అప్పుడు నా పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు.

"నేను ఈడనే ఉన్న గదన్నా," అని నవ్వాడు.

కార్డు మళ్ళీ స్కాన్ చేశాను. సున్నా అయింది. కాసేపటికి ఒకటి. అతని కార్డు చొక్కా లోపల ఉంది, నేను ముట్టలేదు. ఇంకో మెషీన్ తెప్పించాను. అదీ ఒకటే అంది. ఈరన్న ఈసారి నవ్వలేదు.

తలుపు మూయడానికి సంతకం పెట్టనని మొండికేశాను. నేనే టార్చి తీసుకుని పాకి వెళ్ళి మూలమూలా వెతికాను. తడి బూడిద తప్ప ఏమీ లేదు. ఇంజనీరు గారిది గుంటూరు వైపు, కోపం ముక్కు మీదే ఉంటుంది. "మనిషి నీ పక్కనే టీ తాగుతుంటే, డబ్బా చెప్పిందని బాయిలర్ వెలిగించడం ఆపమంటావేంటయ్యా!" అని కేకలేశారు. ఆయన చూసినప్పుడు సున్నాయే ఉంది. సంతకం పెట్టాను. ఆఖరి బోల్టు బిగించాక చూస్తే మళ్ళీ ఒకటి. మెషీన్ ఆపేసి పక్కన పెట్టాను.

మర్నాడు పొద్దున బాయిలర్ వెలిగించారు. ఏ తేడా లేదు. ఈరన్న మాత్రం డ్యూటీకి రాలేదు. వారమైనా రాకపోతే ఊరికి వెళ్ళాను.

నడి వాకిట్లో, నెత్తి మీద తడి తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. రాయచూరు డాక్టర్లు జ్వరమే లేదన్నారట. అతను మాత్రం మాడిపోతున్నానంటున్నాడు. మెతుకు ముట్టడం లేదు, చిక్కి సగమయ్యాడు. ఇలాగే ఉంటే దక్కడని వాళ్ళావిడ నరసమ్మ ఏడ్చింది. ఎప్పుడు మొదలైందని అడిగాను. బాయిలర్ వెలిగించిన పొద్దున, రొట్టె తింటూ తింటూ నిప్పు ముట్టుకున్నట్టు చెయ్యి విదిలించాడట.

"లోపట శాన సెగ గొడ్తుందన్నా," అన్నాడు నన్ను చూసి. "జర తలుపు తియ్యమను."

వచ్చేస్తుంటే నరసమ్మ అతని కార్డు నా చేతిలో పెట్టింది. "గీ కంపెనీ వస్తువు మా ఇంట్ల వద్దన్నా, తీస్కపో." జేబులో వేసుకున్నాను.

కొన్నాళ్ళకు లోపల గొట్టం ఒకటి లీకై బాయిలర్ ఆపారు. చల్లారాక మళ్ళీ అదే తలుపు, అదే నేను. తలుపు తీశారు. ఇంకా ఎవరూ అడుగు పెట్టలేదు. మెషీన్ చూస్తే ఒకటి. ఈరన్న.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్నే ఆసుపత్రికి పంపేవారు. జేబులోంచి కార్డు తీసి తలుపు దగ్గర పెట్టి నొక్కాను. కీచుమంది, సున్నా అయింది. లోపలికి వెళ్ళడానికి వరసలో నిలబడ్డ నలుగురూ, ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకు జరిగారు. ఎందుకు జరిగారని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సాయంత్రం నరసమ్మ ఫోన్ చేసింది. ఈరన్న ఆకలన్నాడట, రొట్టె తిని పడుకున్నాడట. ఫోన్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

మెషీన్‌లో లోపమని అప్పట్లో ఒకరిద్దరు అన్నారు. రెండిట్లోనూ ఒకే లోపమా? మనిషి ఒళ్ళు మంటకి మెషీన్‌కి ఏమిటి సంబంధం? తిప్పి తిప్పి ఆలోచించాను, తెగలేదు.

ఈరన్న మళ్ళీ పనికి రాలేదు. ఊళ్ళోనే మిరప వేసుకున్నాడు. ఎప్పుడు కలిసినా చాయ్ తాగించి, చివర్లో ఒక్కటే అడుగుతాడు.

"నేనైతే ఇంట్ల ఉన్న. మరి లోపట కాలిందెవరన్నా?"